కోపము – దాని విచారణ

మనుష్యుఁడు బుద్ధిజీవి యని తఱచుగా చెప్పుకొందుము. కాని యొక దినమున మనము చేసిన పనులను లెక్కించి చూచినచో, వానిలో ననేకములు భయము, సంతోషము, దుఃఖము, కోపము మొదలగు భావములచే నడపఁబడినవని తెలియును. భరతముని నాట్యశాస్త్రమున నెనిమిది స్థాయిభావములను చెప్పి, వానిలో క్రోధమును రౌద్రరసమునకు మూలముగా నుంచెను. ఆ క్రోధమును గూర్చి యిచట నించుక విచారింతము.

కోపము వచ్చినప్పుడు గుండె వేగముగా కొట్టుకొనును; ముఖము జేవురించును; పిడికిలి బిగియును. ఇట్టి దేహవికారములను మన మెఱుఁగుటయే భావమని 1884లో అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్సు వాదించెను. భయమునందును కోపమునందును గుండెదడ యొకటియే గదా, అట్టి వికారములచేతనే భావభేద మెట్లేర్పడునని 1927లో వాల్టర్ కానన్ ఆక్షేపించెను. క్రీ. పూ. 4వ శతాబ్దమువాఁడగు అరిస్టాటిల్ మఱియొక త్రోవ చూపెను. తన్నుఁ గాని తనవారినిఁ గాని యకారణముగా చులకన చేసిరను తలంపువలనఁ గలిగిన బాధతోఁ గూడిన ప్రతీకారేచ్ఛయే కోపమని యాతని మతము. కావున కోపమునం దొక తీర్పు దాఁగియున్నది. తీర్పు నిజము కావచ్చును, అబద్ధమును కావచ్చును.

ఈ సత్యమును మేము గ్రంథములలో చదివియు, తరగతిలో మఱచితిమి. ఒకనాఁడు పాఠము చెప్పుచుండఁగా, వెనుక బల్లపై నొక బాలుఁడు తల వంచుకొని యుండెను. వాని భుజములు కదలుచుండెను. మమ్ము చూచి నవ్వుచున్నాఁడని తలఁచి బెత్తముతో కొట్టితిమి. అతఁడు తల యెత్తఁగా కన్నులనిండ నీరు! ఇంటినుండి దుర్వార్త వచ్చెనని పిదపఁ దెలిసినది. మఱునాఁడు తరగతి యెదుటనే క్షమింపుమని యాతని నడిగితిమి; కాని కొట్టిన దెబ్బను మరల తీసికొనఁగలవా రెవరు?

రోమను తత్త్వవేత్త సెనెకా కోపమును గూర్చి మూడు భాగముల గ్రంథము వ్రాసి, ఆలస్యమే దానికి పరమౌషధ మనెను. బానిసను కొట్టుటకు చేయి యెత్తిన ప్లేటో, తాను కోపముతో నున్నట్లు గ్రహించి, యెత్తిన చేతిని గాలిలోనే నిలిపివేసిన కథ యందే యున్నది. సెనెకా కోపమును సమూలముగా పెఱికివేయవలె ననును. అరిస్టాటిలో, తగినవారిపై, తగిన కాలమున, తగినంత కోపించుట మంచిదే యనును. బలహీనుని బలవంతుఁడు కొట్టుచుండఁగా మనకు కోపము రానిచో, అది శాంతము కాదు, కాఠిన్యము. అందుచే మేము అరిస్టాటిల్ మతమునే యంగీకరింతుము. ఔషధమును మాత్రము సెనెకా యొద్ద తీసికొందుము.

విద్యార్థులారా, కోపము వచ్చుట మన వశము కాదు. చేయి నిలుపుట మన వశము. నిలిపిన యా క్షణమున, "మే మనుకొన్నది నిజమేనా?" యని ప్రశ్నించుకొనుఁడు. తలిదండ్రులును, మావంటి యుపాధ్యాయులును ఈ ప్రశ్నను మీకంటె ముందుగా నేర్చుకొనవలసియున్నది.