ఎదుగు పిల్లలు – చేతిలోని ఫోను

పదమూడేండ్ల బాలిక తన శరీరమున కలుగు మార్పును చూచి భయపడును. తల్లి నడుగుటకు సిగ్గు. ఉపాధ్యాయు నడుగుటకు జంకు. నేడా ప్రశ్న చేతిలోని ఫోనుకు చేరుచున్నది. అచ్చట వైద్యుని సలహాయు, బూటకపు మందుల ప్రకటనయు ప్రక్కప్రక్కనే యుండును. కావున మంచి మాటను మనమే ముందుగా అందింపవలెను.

ఇందులకే కేంద్ర ప్రభుత్వము 2014లో 10 నుండి 19 ఏండ్లవారికై రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమమును ప్రారంభించినది. 2017లో ‘సాథియా సలాహ్’ అను మొబైల్ యాప్‌ను విడుదల చేసినది. శిక్షణ పొంది తోటివారికి బోధించు యువతీయువకులకును ‘సాథియా’ యనియే పేరు.

వాట్సాప్‌లో పంపు మాట చిన్నదిగా, నిజమైనదిగా నుండవలెను. కొన్ని ఉదాహరణములు:

1. ముట్టు జబ్బు కాదు. తొలి యేండ్లలో 21 నుండి 45 దినముల కొకసారి వచ్చుట సహజము.

2. ముట్టుగుడ్డను సబ్బుతో ఉతికి, ఎండలో ఆరవేయవలెను.

3. బాలురకు నిద్రలో వీర్యము పోవుట వ్యాధి కాదు, మందు అక్కరలేదు.

4. పాఠశాలలో, అంగన్‌వాడీలో వారమున కొకసారి ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్ర రక్తహీనతను అరికట్టును.

అయితే ఒకరి సొంత బాధను పదిమంది చదువు గ్రూపులో వ్రాయరాదు. తన చిత్రములను ఎవరికిని పంపరాదు. అట్టి ప్రశ్నను ఏ.ఎన్.ఎం.నో, ఆశా కార్యకర్తనో ఏకాంతమున అడుగవలెను.

ఫోను అన్నకే గాని చెల్లెలికి లేని ఇండ్లు పెక్కు కలవు. కనుక ఫోను వచ్చినదని తల్లి నోరు మూసికొనరాదు. బిడ్డ అడిగినపుడు కసరక బదులు చెప్పుడని తల్లిదండ్రులను మేము కోరుచున్నాము.