కంప్యూటరు పటములో పొలము కనబడనిచో

గ్రామ పటమును కంప్యూటరులో తెరచినపుడు చుట్టుప్రక్కల కమతములన్నిటికిని పంట రంగు వచ్చి, ఒక్క కమతము మాత్రము తెల్లగా మిగిలిపోవుట కలదు. సర్వే తప్పని అనుకొనుట సహజము. కాని గొలుసు పట్టుకొని పొలమునకు పోవుటకు ముందు పట్టికను ఒకసారి చూడవలెను. పంట నష్టపు జాబితాను ఆ పటము నుండియే తయారు చేసినచో, తెల్లగా మిగిలిన కమతపు రైతు పేరు అందులో చేరదు.

కంప్యూటరు పటమునకు రెండు భాగములుండును. ఒకటి కమతముల హద్దు గీతలు. రెండవది రైతు పేరు, పంట, విస్తీర్ణము గల పట్టిక. ఈ రెంటిని కలుపునది సర్వే నంబరు. పటములో 132/4 అని, పట్టికలో 132-4 అని ఉన్నచో మనకు ఒకటే, యంత్రమునకు వేర్వేరు. నంబరు చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి మిగిలినను కలయిక జరుగదు.

ఇంతకంటె గడుసు చిక్కు మరొకటి కలదు. ఎక్సెల్ పట్టికలో 5/2 అని టైపు చేసినచో యంత్రము దానిని తేదీగా తలచి ఫిబ్రవరి 5గా మార్చివేయును. 132/4 మాత్రము చెక్కుచెదరదు. 132వ తేదీ ఏ నెలలోను లేదు గదా! అందుచేతనే కొన్ని నంబర్లు చెడి, కొన్ని బాగుండును. చెడిన గడిని పిమ్మట అక్షర రూపమునకు మార్చినను 5/2 తిరిగి రాదు. 2025లో టైపు చేసినదైతే 45693 అను సంఖ్య వచ్చును. కావున టైపు చేయుటకు ముందే ఆ నిలువు వరుసనంతటిని 'టెక్స్ట్' అని నిర్ణయింపవలెను. చెడిన నంబర్లను అడంగలు లేక పహాణీ చూచి తిరిగి వ్రాయుటయే మేలు.

విస్తీర్ణము విషయమున తెలంగాణ గ్రామాధికారులు మరింత జాగ్రత్త వహింపవలెను. అచ్చట 2.30 అనగా 2 ఎకరముల 30 గుంటలు. అట్టి కమతములు రెండు కలిసిన 5 ఎకరముల 20 గుంటలు, అనగా అయిదున్నర ఎకరములు. యంత్రము వానిని దశాంశములుగా కూడి 4.6 అని చూపును. 36 గుంటలు మాయము! 2.10ని అది 2.1గా కుదించును, చదువువారు 2 ఎకరముల 1 గుంట అనుకొందురు. ఎకరములను ఒక గడిలో, గుంటలను వేరొక గడిలో వ్రాసి, గుంటలను 40చే భాగించి కలుపవలెను. ఆంధ్రలో సెంట్లు నూరింటికి ఎకరము గనుక ఈ బాధ లేదు. పటము చదరపు మీటర్లలో లెక్క చెప్పినచో 4,047చే భాగింపవలెను.

సెల్‌ఫోనుతో గుర్తించిన పొలము పటములో ఎచ్చటను కనబడనిచో అక్షాంశ రేఖాంశములు తారుమారైనవేమో చూడవలెను. గుంటూరు అక్షాంశము 16.3, రేఖాంశము 80.4. ఇవి తారుమారైనచో గుంటూరు పొలము ఉత్తర ధ్రువమునకు చేరువనున్న సముద్రములో పడును. గడులు ఖాళీగానుండి సున్నలుగా మారినచో ఆఫ్రికా ప్రక్కన అట్లాంటిక్ సముద్రములో తేలును.

ప్రక్క కార్యాలయమునకు పటము పంపునపుడు మరొక పొరపాటు జరుగుచుండును. షేప్‌ఫైలు అనునది ఒక ఫైలు కాదు, ఒకే పేరు గల కొన్ని ఫైళ్ల కట్ట. ఎస్‌హెచ్‌పి అను ఫైలు ఒక్కటే పంపినచో పట్టిక వెంటపోదు. పిఆర్‌జె అనునది విడిచిన, కొలత ఏ పద్ధతిదో అవతలివారి యంత్రమునకు తెలియదు. కట్టనంతయు ఒకే జిప్ ఫైలుగా చేసి పంపవలెను.