మిథాలీ రాజ్

చింతమొక్కను నాటిన తాత దాని కాయలు కోయుటకు నోచుకొనకపోవచ్చును. మనుమలు ఆ చెట్టునీడను కూర్చుండి తాతను తలచుకొందురు. భారత మహిళా క్రికెట్టున అట్టి మొక్కను పెంచినవారిలో మిథాలీ రాజ్ ముఖ్యురాలు.

ఆమె 1982వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన జోధపురమున ఒక తమిళ కుటుంబములో జన్మించెను. తండ్రి దొరైరాజ్ వైమానిక దళమున పనిచేసెను; తల్లి లీల. వారు సికింద్రాబాదున స్థిరపడిరి. బాల్యమున మిథాలీకి ప్రొద్దెక్కువరకు నిద్రించు అలవాటుండెను. దానిని మాన్పుటకై తండ్రి ఆమెను అన్నతోపాటు క్రికెట్టు శిక్షణకు పంపెను. ఆమె భరతనాట్యము కూడ నేర్చుకొనుచుండెను. రెండు విద్యలును పూర్ణకాలమును కోరునవే. తుదకు ఆమె నాట్యమును విడిచి బ్యాటును చేపట్టెను. సంపత్ కుమార్ అను శిక్షకుడు ఆమె ప్రతిభను గుర్తించి కఠినమైన శిక్షణ నిచ్చెను.

1999 జూన్ 26న, పదునారేండ్ల ప్రాయమున, ఆమె ఐర్లండుపై తన తొలి అంతర్జాతీయ పోటీ నాడెను. అందు 114 పరుగులు చేసి అజేయురాలై నిలిచెను. 2002లో ఇంగ్లండుపై టాంటనున చేసిన 214 పరుగులు నాటికి మహిళల టెస్టులలో అత్యధికము.

ఆ దినములలో మహిళా క్రికెట్టుకు ధనబలము లేదు. క్రీడాకారిణులు రైళ్లలో సాధారణ తరగతి పెట్టెలలో ప్రయాణించెడివారు. 2006లో భారత క్రికెట్టు నియంత్రణ మండలి మహిళల ఆటను తన పాలన క్రిందికి తెచ్చుకొనెను.

నాయకురాలిగా మిథాలీ 2005లో భారత జట్టును తొలిసారి ప్రపంచకప్పు తుదిపోటీకి చేర్చెను. ఆస్ట్రేలియా గెలిచెను. 2006లో ఆమె నాయకత్వమున మన జట్టు ఇంగ్లండు గడ్డపై టెస్టు విజయము సాధించెను. 2017 ప్రపంచకప్పుకు ముందు ఒక విలేకరి, పురుష క్రికెటర్లలో ఆమెకు ఎవరు ఇష్టమని యడిగెను. ఇట్టి ప్రశ్న పురుషులను అడుగుదురా యని ఆమె శాంతముగా ఎదురుప్రశ్న వేసెను. ఆ పోటీలలోను జట్టు తుదివరకు చేరినది. లార్డ్సు మైదానమున 229 పరుగులు కావలసియుండగా 219 పరుగులకే అందరును ఔటయిరి. తొమ్మిది పరుగుల దూరమున కప్పు చేజారెను.

2022 జూన్ 8న ఆమె ఆటనుండి విరమించెను. 232 వన్డేలలో ఆమె చేసిన 7,805 పరుగులు నాటికి మహిళలలో సాటిలేనివి. ప్రపంచకప్పు మాత్రము ఆమెకు దక్కలేదు. అదే సంవత్సరము అక్టోబరులో పురుషులకు, స్త్రీలకు పోటీ వేతనము సమానమని మండలి ప్రకటించెను.

2025 నవంబరు 2న నవీ ముంబైలో హర్మన్‌ప్రీత్ కౌర్ జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్పును గెలుచుకొనెను. మన రాయలసీమలోని కడప జిల్లాకు చెందిన శ్రీ చరణి ఆ జట్టులోనిదే. గెలిచిన క్రీడాకారిణులు మైదానమున నున్న పూర్వ క్రీడాకారిణులను మరువలేదు. మిథాలీ, ఝులన్ గోస్వామి, అంజుమ్ చోప్రాల చేతికి ఆ కప్పు నందించిరి.

బాలబాలికలారా! కొత్తచెరువు వంటి ఊళ్ల బడి మైదానములలో నేడు బాలికలు బ్యాటు పట్టినచో వింతగా చూచువారు తగ్గిరి. ఓటమి పిదప కూడ ఆటను వీడక నిలిచినవారి కృషి ఫలమిది. ఫలము ననుభవించువారు మొక్క నాటినవారిని స్మరించుట ధర్మము.

ప్రశ్నలు

1. మిథాలీ క్రికెట్టు శిక్షణలో చేరుటకు కారణమేమి?
2. విలేకరి ప్రశ్నకు ఆమె యిచ్చిన సమాధానములోని భావమును వివరింపుము.
3. 2025లో గెలిచిన జట్టు పూర్వ క్రీడాకారిణులకు కప్పునేల అందించెను?