హార్డ్‌డిస్కు హద్దుల సవరణ

"సార్, సి డ్రైవు నిండిపోయింది. డి డ్రైవు నిండా ఖాళీయే. అందులోది ఇందులో కలపవచ్చునా?" అని విద్యార్థులు మమ్ములను తరచుగా అడుగుచుందురు. కలుపవచ్చును. అయితే ఆ పని ఎట్లు జరుగునో తెలియక చేయి పెట్టినచో ఉన్నది కూడ పోవు ప్రమాదము కలదు. మేము బోధించునది తెలుగు సాహిత్యమే. అయినను నేడు తెలుగు వ్యాసమైనను, ఉర్దూ గజలైనను, పరిశోధన పత్రమైనను తుదకు చేరునది కంప్యూటరులోని హార్డ్‌డిస్కునకే. కావున దాని హద్దుల సంగతి భాషా విద్యార్థులును ఎరుగవలసినదే యని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

పార్టిషను అనగానేమి?

తుంగతుర్తి ప్రాంతపు విద్యార్థులకు దీనిని పొలము దృష్టాంతముతో చెప్పుట సులభము. ఒక తండ్రికి 5 ఎకరముల భూమి యున్నది. ఇద్దరు కుమారులు 2 ఎకరముల 20 గుంటల చొప్పున పంచుకొని నడుమ గట్టు వేసికొనిరి. నేల ఒక్కటే, హద్దు మాత్రము క్రొత్తది. హార్డ్‌డిస్కు కూడ అట్టిదే. యంత్రములో నున్న డిస్కు ఒక్కటే యైనను, దానిని సి యనియు, డి యనియు భాగములుగా పంచుదురు. ఈ భాగమునకే పార్టిషను అని పేరు. ఉర్దూలో తక్సీమ్ అను మాట ఈ భావమునకు చక్కగా సరిపోవును. మనము నిత్యము వాడు హద్దు అను మాట కూడ ఉర్దూనుండి తెలుగులోనికి వచ్చి మన పొలములలో స్థిరపడినదే.

ఈ దృష్టాంతమునుండి మొదట గ్రహింపవలసిన సత్యమొకటి కలదు. గట్టు జరిపినంత మాత్రమున పొలము పెరుగదు. ఒకరికి పెరిగిన గుంటలు మరియొకరికి తరుగును. పార్టిషను సవరణచే డిస్కు పరిమాణము ఒక్క బైటు కూడ హెచ్చదు.

కొంత చరిత్ర

1956లో ఐ.బి.యం. సంస్థ వారు రామాక్ అను యంత్రముతో మొదటి డిస్కును వెలువరించిరి. 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములు కూడిన ఆ పరికరములో పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. 1983లో అదే సంస్థ వెలువరించిన పి.సి. ఎక్స్.టి. అను చిన్న కంప్యూటరులో 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కు ఉండెను. దానితోపాటు వచ్చిన డాస్ 2.0లో డిస్కును భాగములు చేయు ఏర్పాటు కలదు.

ఆ ఏర్పాటు ఇట్టిది. డిస్కు మొదటి సెక్టారు 512 బైట్లు. అందులో 64 బైట్లు హద్దుల పట్టికకు కేటాయింపబడినవి. ఒక్కొక్క భాగమునకు 16 బైట్ల చొప్పున నాలుగు భాగములే అందులో నమోదగును. ఏ భాగము ఎచట మొదలై ఎంతవరకు ఉన్నదో ఆ 16 బైట్లే చెప్పును. ఈ పద్ధతిలో లెక్కించుటకు వీలైన గరిష్ఠ పరిమాణము సుమారు 2.2 లక్షల కోట్ల బైట్లు. డిస్కులు అంతకు మించి పెరుగుటచే జీపీటీ అను క్రొత్త పట్టిక వాడుకలోనికి వచ్చినది. విండోస్‌లో దీనియందు 128 భాగముల వరకు నమోదు చేయవచ్చును. అంతేగాక పట్టిక నకలొకటి డిస్కు చివర భద్రముగా నుండును. నేడు అందరి నోట వినబడు సంభాషణ యంత్రపు పేరునకును ఈ జీపీటీకిని సంబంధము లేదు.

పట్టిక వేరు, పంట వేరు

పహాణీలో పేరు కొట్టివేసినచో చేనిలోని పంట ఆ క్షణమున మాయము కాదు. అట్లే హద్దుల పట్టికలో ఒక భాగమును తొలగించినచో అందలి ఫైళ్లు వెంటనే చెరిగిపోవు. అవి ఎచట నున్నవో చెప్పు ఆధారము మాత్రము పోవును. తిరుగు పళ్లెముల డిస్కులో అట్టి ఫైళ్లను ప్రత్యేక సాధనములచే కొన్నిమార్లు తిరిగి రాబట్టవచ్చును. అయితే వానిపై క్రొత్త ఫైళ్లు పడినచో ఆ ఆశ లేదు. ఎస్.ఎస్.డి. అను నూతన పరికరములలో తొలగించిన భాగములను యంత్రమే శుభ్రపరచుకొనును గాన ఆ ఆశ మరింత స్వల్పము.

నిండినది దేనితో?

హద్దు జరుపుటకు ముందు, డిస్కు దేనితో నిండినదో చూడవలెను. యూనికోడు పద్ధతిలో సాధారణముగా ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు, ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు పట్టును. "తెలుగు" అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిసి ఆరు సంకేతములు. కనుక 18 బైట్లు. "ఉర్దూ" అను మాట ఉర్దూ లిపిలో నాలుగక్షరములు. కనుక 8 బైట్లు. పుటకు 1,500 సంకేతముల చొప్పున 200 పుటల తెలుగు గ్రంథమును లెక్కించినను 9 లక్షల బైట్లే యగును. అనగా ఒక మెగాబైటైనను కాదు. సెల్‌ఫోనులో తీసిన ఒక్క ఛాయాచిత్రము దానికంటె పెద్దది కావచ్చును.

కావున మనము వ్రాసికొన్న వ్యాసములు డిస్కును నింపుట లేదు. నింపునవి చలనచిత్రములు, ఒకే ఫొటోకు నాలుగు నకళ్లు, డౌన్‌లోడ్స్ సంచిలో మరచిన ఫైళ్లు, ఖాళీ చేయని చెత్తబుట్ట, పాత విండోస్ అవశేషములు. తిరిగి సంపాదింపదగినవే స్థలమునాక్రమించుచున్నవి. పోయినచో మరల రానివి మూలలో ఇమిడియున్నవి. మొదటి వానిని తొలగించినచో పెక్కుమార్లు హద్దు జరుపు అవసరమే రాదు.

రెండవ ఉపాయము డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్ సంచుల స్థానమును సి నుండి డి కి మార్చుట. ఆ సంచి ప్రాపర్టీస్‌లో లొకేషన్ అను చోట ఈ సదుపాయము కలదు. ఇది గట్టు తవ్వకుండ ధాన్యమును పక్క కొట్టమునకు మోయుట వంటిది.

మరియొక సందేహమును కూడ ఇచటనే తీర్తుము. 500 గిగాబైట్ల డిస్కు కొన్నచో విండోస్ 465 మాత్రమే చూపును. అంగడివారు మోసగించిరని విద్యార్థులు అనుకొందురు. తయారీదారులు గిగాబైటును 100 కోట్ల బైట్లుగా లెక్కింతురు. విండోస్ 107 కోట్లకు పైబడిన బైట్లుగా లెక్కించును. లెక్కల భేదమే గాని డిస్కులో లోపము లేదు.

హద్దు జరుపుట ఎట్లు?

2007లో విపణిలోనికి వచ్చిన విండోస్ విస్టా మొదలుకొని డిస్క్ మేనేజ్‌మెంట్ అను సాధనములో భాగమును కుదించుటకు ష్రింక్ వాల్యూమ్, పెంచుటకు ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అను ఏర్పాట్లు కలవు. డి ని 100 గిగాబైట్లు కుదించి, ఆ ఖాళీని సి కి కలుపుదమని విద్యార్థి ప్రయత్నించును. కుదించుట జరుగును, కాని కలుపుట జరుగదు. ఎక్స్‌టెండ్ అను మాట మసకబారి, నొక్కినను పలుకదు.

దీనికి కారణము తెలిసినచో సగము విద్య తెలిసినట్లే. కుదించునప్పుడు ఖాళీ యగునది డి యొక్క చివరి భాగము. సి కి ఆనుకొని యున్నది డి యొక్క మొదటి భాగము. తమ్ముడు తన పొలములో అవతలి గట్టు వైపున పది గుంటలు విడిచినచో అవి అన్న పొలమునకు ఆనవు. నడుమ తమ్ముని చేనే యుండును. విండోస్ సాధనము తన కుడివైపున ఆనుకొనియున్న ఖాళీ జాగాను మాత్రమే కలుపుకొనగలదు. క్రొత్త యంత్రములలో సి తరువాత రికవరీ అను చిన్న భాగముండి ఇట్లే అడ్డగించును. దానిని తెలియక తొలగింపరాదు.

దీనికి రెండు మార్గములు కలవు. డి లోని సమస్తమును వేరొక డిస్కునకు నకలు చేసి, డి ని తొలగించి, సి ని పెంచి, మిగిలిన చోట డి ని మరల సృష్టించి, ఫైళ్లను తిరిగి చేర్చుట మొదటిది. పాత పద్ధతి పట్టికలో డి పెద్ద భాగములోని ఉపభాగమై యున్నచో, ఆ పెద్ద భాగమును కూడ తొలగింపవలసి వచ్చును. జీపార్టెడ్ వంటి సాధనమును పెన్‌డ్రైవు నుండి నడిపి, డి ని మొత్తముగా కుడివైపునకు జరిపి, తరువాత సి ని పెంచుట రెండవది. ఇందులో డి లోని ఫైళ్లన్నియు ఒక చోటినుండి మరియొక చోటికి నడువవలెను గాన గంటల కాలము పట్టవచ్చును. ఆ నడుమ విద్యుత్తు పోయినచో ఫైళ్లు సగము అచట, సగము ఇచట చిక్కుకొనును.

ఇక కొన్నిమార్లు 200 గిగాబైట్ల ఖాళీ కనబడుచున్నను విండోస్ 20 మాత్రమే కుదింపనిచ్చును. విండోస్ కదల్పలేని పేజ్ ఫైలు, హైబర్నేషను ఫైలు వంటివి భాగము నడుమ కూర్చుండుట దీనికి కారణము. చేను నడుమ బావి యున్నచో గట్టు దానిని దాటి లోనికి రాలేదు గదా.

హద్దు జరుపుట నిజముగా అవసరమగు సందర్భము మన భాషకు సంబంధించినదే యొకటి కలదు. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ సంస్థవారు లినక్సు ఆధారముగా తెలుగులో పనిచేయు వ్యవస్థను రూపొందించిరి. అట్టిదానిని విండోస్ తొలగింపకయే అదే డిస్కులో నెలకొల్పవలెనన్నచో, ముందు ఒక భాగమును కుదించి చోటు చేయవలెను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సామాన్య మద్దతు ముగియుటచే, విండోస్ 11కు తగని పాత యంత్రములు గలవారు ఈ మార్గమును ఆలోచించుట సహజము.

ముందు జాగ్రత్తలు

1. ముఖ్యమైన ఫైళ్లను వేరొక డిస్కులో నకలు చేయవలెను. అదే డిస్కులోని మరియొక భాగములో ఉంచినది నకలు కాదు.

2. నకలు చేసిన ఫైళ్లను వేరొక కంప్యూటరులో తెరచి చూడవలెను.

3. బిట్‌లాకర్ తాళము వేసియున్నచో దాని 48 అంకెల రికవరీ సంఖ్యను ముందుగా కాగితముపై వ్రాసికొనవలెను.

4. డెస్క్‌టాప్ యంత్రమైనచో యు.పి.ఎస్., ల్యాప్‌టాప్ అయినచో చార్జరు తగిలించి యుంచవలెను.

5. ప్రస్తుత హద్దుల చిత్రమును సెల్‌ఫోనులో ఫొటో తీసికొని, ఏది ఏ భాగమో గుర్తించిన పిమ్మటనే పని ప్రారంభింపవలెను.

6. సూర్యాపేటకో, కోదాడకో, మిర్యాలగూడకో మరమ్మతునకు తీసికొనిపోయినచో, ఫార్మాటు చేయుటకు ముందు ఏయే ఫైళ్లు కావలెనో దుకాణదారునకు వ్రాసి యీయవలెను.

కళాశాలకు ఒక మనవి

మన తెలంగాణలో 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చినవి. తాతల కాలమున కాగితముపై నున్న భూమి హద్దులు కూడ నేడు డిస్కులలోనే యున్నవి. కాగితమునకు చెదలు శత్రువైనచో, డిస్కునకు అజాగ్రత్త శత్రువు. మన వార్షిక సంచికలోని ఉర్దూ, తెలుగు రచనలన్నియు చేర్చినను వాని అక్షరములకు పట్టు చోటు అత్యల్పమని పైన లెక్కతో చూచితిమి. కావున ప్రతి సంవత్సరము సంచిక ముద్రణ కాగానే దాని ఫైళ్లను రెండు వేరువేరు డిస్కులలో నకలు చేయించి, ఒకటి గ్రంథాలయపు బీరువాలోను, మరియొకటి కళాశాల ఆవరణకు వెలుపలను భద్రపరచవలెనని కమిటీ పెద్దలను కోరుచున్నాము. ఏటేటా వానిని ఒకమారు తెరచి చూచు పనిని మా తెలుగు విద్యార్థులును, ఉర్దూ విద్యార్థులును కలిసి సంతోషముగా నిర్వహింతురు.