వెంట నడిచే వైద్యవివరం

కర్నూలు జిల్లా పడమటి ప్రాంతమైన ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాలలో వానను నమ్ముకొన్న సేద్యమే ఎక్కువ. సొంత చేలలో పని ముగియగానే అనేక కుటుంబాలు గుంటూరు ప్రాంతానికి మిరపకోతలకు తరలిపోతాయి. ఈ వలసను స్థానికులు ‘సుగ్గి’ అంటారు. క్షయవ్యాధికి మందు వాడే కూలీ కనీసం ఆరు నెలలు చికిత్స మానరాదు. చీటీ మూటలో నలిగి చిరిగిపోతే కొత్త ఊరి వైద్యునికి అతని పూర్వచరిత్ర తెలిసేదెట్లు? ఆరోగ్య సమాచార సాంకేతికతపై ప్రభుత్వ విధానం మంచిచెడ్డలను తూచడానికి ఈ కూలీని మించిన తూనికరాయి లేదు.

2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద, కోరిన పౌరునికి 14 అంకెల ఆరోగ్యసంఖ్య లభిస్తుంది. ఆసుపత్రులు నమోదుచేసిన వివరాలు ఎక్కడివక్కడే ఉంటాయి. రోగి సమ్మతించిన పిదపనే మరొక వైద్యుడు వాటిని చూడవచ్చు. ఈ సమ్మతియే విధానానికి ఆయువుపట్టు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. కాని, అక్షరం రానివాని చేత ఆంగ్లపత్రంపై వేలిముద్ర వేయించుకొంటే అది సమ్మతి అనిపించుకోదు. అతని భాషలో చదివి వినిపించాలి. ఆదోని ప్రాంతంలో ఆ భాష కన్నడం కూడా కావచ్చు. వైద్యానికి బళ్ళారి వెళ్ళేవారూ ఉన్నారు కనుక, ఉభయ రాష్ట్రాల ఆసుపత్రులు వివరాలను ఒకే తీరున నమోదుచేయాలి.

సంఖ్య చూపలేదని వైద్యం నిరాకరించరాదు. ఇక, ఇంటికంతటికీ ఒకే సెల్‌ఫోను ఉన్నచోట, భార్య వైద్యవివరం భర్త చేతిలోని ఫోనుకు చేరవచ్చునా అన్న ప్రశ్నను అధికారులు ఆమెనే అడగవలసి ఉంటుంది.