లవణములు - వేడిమి

సాలూరు వేగావతీనది యొడ్డున నున్న పట్టణము. ఉత్తరాంధ్రమున లారీల యూరని దానికి పేరు. లారీ బ్యాటరీలో నుండునది నీరు కలిసిన గంధకామ్లము. గాఢమైన యామ్లమును పలుచన చేయవలసినపుడు, అనుభవము గల పనివాడు నీటిలోనికి ఆమ్లమును కొంచెము కొంచెముగా పోయును. ఆమ్లములోనికి నీటిని ఎన్నడును పోయడు. నిప్పు లేదు, పొయ్యి లేదు. అయినను పాత్ర చేయి కాలునంతగా వేడెక్కును. ఈ వేడిమి ఎచ్చటిది?

ఈ ప్రశ్నకు లవణములు చక్కగా సమాధానము చెప్పును. మీ యుపాధ్యాయుని యెదుట 100 గ్రాముల నీటిలో 11 గ్రాముల పొడి కాల్సియం క్లోరైడును కరగించి చూడుడు. ఉష్ణమాపకము సుమారు 15 డిగ్రీలు పైకెక్కును. అంత నీటిలోనే 10 గ్రాముల సురేకారమును కరగించినచో నీరు 7 డిగ్రీల వరకు చల్లబడును. అక్బరు చక్రవర్తి కాలమున త్రాగునీటిని చల్లబరచుటకు సురేకారమునే వాడిరి.

ఈ భేదమునకు కారణమేమి? లవణ స్ఫటికములో ధన, ఋణ విద్యుత్తు గల అయానులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని యుండును. ఆ పట్టు విడిపించుటకు వేడిమి వ్యయమగును. విడిపోయిన అయానులను నీటి యణువులు చుట్టుముట్టి పట్టుకొనునపుడు వేడిమి వెలువడును. ఇది ఆదాయ వ్యయముల లెక్క వంటిది. ఆదాయము మిగిలినచో నీరు వేడెక్కును. వ్యయము మించినచో చల్లబడును.

చాకలి సోడా స్ఫటికములు నీటిని చల్లబరచును. నీరు లేని పొడి సోడా వేడెక్కించును. ఏలయన, స్ఫటికములలో నీటి యణువులు ముందే చేరియున్నవి. వాటివలన రావలసిన యాదాయము ముందే వచ్చి పోయినది.

గంధకామ్లమును నీటితో కలిపినపుడు వెలువడు వేడిమిని హెస్ అను శాస్త్రజ్ఞుడు రష్యాలో కొలిచి, 1840లో ఒక నియమమును ప్రకటించెను. ఒక్కసారి కలిపినను, అంచెలంచెలుగా కలిపినను మొత్తము వేడిమి యొక్కటే.

మొత్తము ఒక్కటే యైనచో పనివాని జాగ్రత్త యెందుకు? నీటిలో ఆమ్లము కొంచెముగా పడినపుడు పుట్టిన వేడిమిని నీరంతయు పంచుకొనును. ఆమ్లముపై నీరు పడినచో, ఆ కొద్ది నీరే వేడిమిని భరింపలేక మరిగి, ఆమ్లముతో కూడ ముఖముపైకి చిమ్మును, కన్నులు పోవచ్చును. పనివాని యలవాటు వట్టి యాచారము కాదు. దాని వెనుక నొక శాస్త్రమున్నది.