రెండు దినములు నిలిచిన యాత్ర

పాఠభాగము: యోహాను సువార్త 4:39–42



సమరయ స్త్రీ సాక్ష్యము విని ఆ ఊరివారు ప్రభువునొద్దకు వచ్చిరి. చూచి వెళ్లిపోక, తమ యొద్ద ఉండుమని ఆయనను వేడుకొనిరి. ఆయన రెండు దినములుండెను. అంతట వారి నమ్మిక ఇంకొకరి మాట మీద గాక, తామే విన్నదాని మీద నిలిచెను. మన యాత్రలను గూర్చి ఈ పాఠమేమి నేర్పుచున్నదో ఆలోచింతము.

పౌలు ప్రయాణములలో రెండు విధములును కలవు. ఆయన ఓడ కీయొసు ద్వీపమునకు ఎదురుగా వచ్చి, మరునాడు సమొసు చేరి, ఆ మరునాడే మిలేతునకు పోయెను (అపొ. 20:15). పెంతెకొస్తునాటికి యెరూషలేము చేరవలెనని ఆయన త్వరపడెను గనుక అది దోషము కాదు. అయితే కొరింథులో ఏడాదిన్నర నివసించెను. కొరింథీయులకు వ్రాసిన పత్రికలు రెండు మనకున్నవి; సమొసువారికి వ్రాసినది ఒకటియు లేదు. నిలిచిన చోటనే మనుష్యుల పేర్లును, కలహములును, కన్నీళ్లును తెలియును.

ఆ సమొసునకు సమీపముననే యోహాను పరవాసియైన పత్మాసు ద్వీపమున్నది. దాని వైశాల్యము సుమారు 34 చదరపు కిలోమీటర్లు. విమానాశ్రయము లేదు, ఓడలోనే పోవలెను. యాత్రికులనేకులు స్కాలా రేవులో దిగి, యోహాను గుహను, 1088లో స్థాపింపబడిన మఠమును చూచి, కొన్ని గంటలలోనే మరలుదురు. ఓడలు వెళ్లిన తరువాత ద్వీపమునకు కలుగు నెమ్మది, రాత్రి బసచేయువారికే దొరకును.

పత్మాసు మనకు దూరము. మెదకు దేవాలయము జీడిమెట్లకు వంద కిలోమీటర్ల లోపే. ఏటేట మన సంఘములు బస్సులు మాట్లాడుకొని పోవుచున్నవి. పది గంటలకు దిగుదురు. చెట్లక్రింద భోజనము, సెల్‌ఫోనులో ఫొటోలు. చీకటి పడకమునుపే తిరుగు ప్రయాణము. పోయి వచ్చితిమన్న తృప్తి మిగులును. అక్కడి మనిషి ఒక్కడును పరిచయము కాడు.

ఆ దేవాలయము 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. పోస్నెట్ దొరగారు కరవునాట జనులకు పని కల్పించి, కూడు పెట్టి దానిని కట్టించిరి. 175 అడుగుల గోపురమును ఒక్క చూపులో చూడవచ్చును. ఆ కరవు కథను మాత్రము చుట్టుపట్ల ఊళ్ల ముసలివారి యొద్ద కూర్చుండి వినవలెను. ప్రభువు జననమును, సిలువను, ఆరోహణమును చూపు రంగు అద్దముల కిటికీలు మూడు అక్కడ కలవు. అద్దమునకు స్వంత వెలుగు లేదు. ప్రొద్దు తిరిగినకొలది రంగులు మారును. మధ్యాహ్నము ఒక గంట చూచినవాడు, ఉదయమున చూడవలసినది విడిచిపెట్టెను.

“అయ్యగారూ, రెండు దినముల కూలి పోవును గదా” అని ఫ్యాక్టరీలలో పనిచేయు మనవారు మమ్ము అడుగుదురు. అది న్యాయమైన మాట. అందుకే మేము చెప్పునదేమనగా, ఏటేట పరుగెత్తక, మూడేండ్లకొకసారి వెళ్లి రెండు రాత్రులుండుడి. బస సంగతి ముందే విచారించుడి. వంట సామాను తీసికొనిపోక, అక్కడి అంగడిలోనే బియ్యము, కూరలు కొనుడి. మీ రూపాయి ఆ ఊరివారికి ఉపయోగపడును. ఆరాధన ముగియగానే బస్సునొద్దకు పరుగిడక, ప్రక్కన కూర్చుండినవారి క్షేమమడుగుడి. వెళ్లలేని వృద్ధుల కొరకు, మీరు విన్నది ఇంటికి వచ్చి చెప్పుడి.

మన ఊరికి వచ్చువారిని గూర్చియు ఇట్లే తలంచుడి. “ఉండి పొండి” అను మాట సమరయులు ప్రభువుతో పలికినదే.

కూటములలో ఆలోచింపవలసిన ప్రశ్నలు:

1. మనము కడపట వెళ్లిన యాత్రలో ఎవరి పేరు తెలిసికొంటిమి?
2. ఈ సంవత్సరము మన యింట రెండు రాత్రులుండుమని ఎవరిని పిలువగలము?